గ్యాస్ అనుకునే ముందు ఒక ఈసీజీ

ఛాతీలో మంటో బరువో వచ్చి, చెమటలు పట్టిన మనిషిని చూసి "గ్యాస్ పట్టిందిలే" అని తేల్చేయకండి. ఓ ఏరియా ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరుగా నేను వేడుకునేది ఇదే. మా దగ్గరికి వచ్చేసరికి సోడా తాగించడం అయిపోతుంది, గ్యాస్ మాత్ర అయిపోతుంది, తెల్లారాక చూద్దామనుకున్న మూడు గంటలూ అయిపోతాయి. రక్తం అందని గుండె కండరం చచ్చిపోయేది ఆ గంటల్లోనే.

గుండె కింది గోడకి రక్తం ఆగితే నొప్పి పొట్ట పైభాగాన తెలుస్తుంది. వాంతులవుతాయి, తేన్పులూ వస్తాయి. మొన్నొచ్చిన తాపీ మేస్త్రీకి అదే జరిగింది. చెమటకి ఈసీజీ స్టిక్కర్లు నిలవకపోతే మా సిస్టర్ తుడిచి తుడిచి అంటించింది. కాగితం మీద కింది గోడను చూపే గీతలు గుట్టల్లా లేచి ఉన్నాయి. ఇంతలో ఆయన బావమరిది జేబులోంచి సార్బిట్రేట్ తీశాడు.

"నాలిక్కింద పెట్టమంటారా మేడమ్? మా నాన్నకి ఇదే వాడేవాళ్ళం."

వద్దన్నాను. బీపీ అప్పటికే 90. స్టిక్కర్లు కుడివైపుకి మార్చి మళ్ళీ తీస్తే గుండె కుడిభాగమూ దెబ్బతిన్నట్టు తేలింది. అలాంటప్పుడు ఆ మాత్ర పడితే బీపీ ఒక్కసారిగా జారిపోతుంది. ఒకరికి రాసిన మందు ఇంకొకరి నోట్లో పెట్టొద్దు, దయచేసి.

ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించాం. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో, అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో జరిగే మరణాలను ఈ చవక మాత్ర దాదాపు 23 శాతం తగ్గించింది. 120 నిమిషాల్లోగా యాంజియోప్లాస్టీ జరిగే వీలుంటే నేరుగా అక్కడికే పంపాలి. మాకు యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్ ల్యాబ్ అంతకంటే దూరం. అందుకని పక్షవాతం వచ్చిందా, తలకి దెబ్బ తగిలిందా, ఈమధ్య ఆపరేషనేమైనా అయిందా అని ఒక్కొక్కటే అడిగి, బరువును బట్టి, రక్తపు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇచ్చాం. గంటన్నర తర్వాత ఈసీజీలో లేచిన గీతలు సగానికి పైగా దిగాయి. మేస్త్రీ మొహం తేటపడింది.

"గడ్డ కరిగిందిగా, ఇంకా యాంజియోగ్రామ్ ఎందుకండీ?" అన్నాడు బావమరిది. కరిగింది రక్తపు గడ్డే. నాళంలో కొవ్వు పేరుకున్న చోటు అలాగే ఉంది, మళ్ళీ మూసుకోవచ్చు. 24 గంటల్లోగా యాంజియోగ్రామ్ అయిపోవాలని చెప్పి, అంబులెన్సు ఎక్కించాం.

ఈసీజీ బాగుందనగానే ఇంటికి బయల్దేరేవాళ్ళకీ ఒక మాట. మొదటిసారి కనపడని పోటు అరగంటకి కనపడొచ్చు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ పెరగడానికీ కొన్ని గంటలు పడుతుంది. రెండోసారి రక్తం తీస్తామంటే విసుక్కోకండి. షుగరున్నవాళ్ళలో, ఆడవాళ్ళలో ఛాతీనొప్పే లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. పనెక్కువై అలిసిపోయిందిలే అని ఇంట్లో పడుకోబెట్టిన అమ్మలు మా దగ్గరికి మరీ ఆలస్యంగా వస్తున్నారు. ఆయాసంతో వచ్చిన ఏ ఆడమనిషికైనా, పేరు రాసుకునేలోపే ఈసీజీ తీయమని మా సిస్టర్లకి చెప్పి ఉంచాను.