మారుచున్న వాతావరణము - కృష్ణా డెల్టా రైతు జాగ్రత్తలు

కృష్ణా డెల్టా రైతుకు కరువు క్రొత్త కాదు, గాలివాన క్రొత్త కాదు. 1832-33 నాటి గుంటూరు కరువులో జనము పిట్టలవలె రాలిపోయిన తరువాతనే విజయవాడ వద్ద ఆనకట్ట కట్టవలెనన్న ఆలోచన బలపడి, 1855 నాటికి అది పూర్తియైనది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడగా, 1957లో ప్రకాశం బరాజు వచ్చినది. మన పెద్దలు దెబ్బ తిన్న ప్రతిసారి ఒక పాఠము నేర్చి, ఒక ఏర్పాటు చేసికొన్నారు. ఇపుడు ఆ అవసరము మనకు వచ్చినది.

ఒకే పొలమునకు మూడు దెబ్బలు

2023లో శ్రీశైలము, నాగార్జునసాగరు జలాశయములు నిండలేదు. డెల్టాలో సాగునీటికి కటకట ఏర్పడినది. ఆ కటకటలో పండిన సార్వా పంట కోతకు వచ్చిన వేళకు, డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటి పనలను, కుప్పలను తడిపివేసినది. తొమ్మిది నెలలు తిరుగక మునుపే, 2024 ఆగస్టు ఆఖరున కుంభవృష్టి కురిసి, బుడమేరుకు గండ్లు పడి, విజయవాడలో సింగ్ నగర్ ప్రాంతము రోజుల తరబడి నీట మునిగినది. సెప్టెంబరు 2న బరాజు వద్ద ప్రవాహము 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు చేరినది. బరాజును నిర్మించినది సుమారు 11 లక్షల 90 వేల క్యూసెక్కులను తట్టుకొనుటకు. హద్దుకు ఎంత దగ్గరగా వచ్చినామో గమనింపుడు.

బుడమేరు మళ్లింపు కాలువ నీరు కృష్ణలో కలియవలెను. కృష్ణయే నిండుగా పారుచున్నపుడు ఆ నీరు ఎక్కడికి పోవును? వెనుకకు ఎగదన్నును. మీ పొలములోని మురుగు బోదె సంగతియు ఇంతే. క్రింద దారి లేనిదే పైన నీరు దిగదు.

ఇట్లు ఎందుకు జరుగుచున్నది?

బొగ్గు, చమురు విస్తారముగా కాల్చుటవలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, భూమి వేడిని బయటికి పోనీయక పట్టి ఉంచుచున్నది. గాలి ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ తేమను పట్టుకొనగలదు. దీనిని పెద్దదైన కుంచముతో పోల్చవచ్చును. పెద్ద కుంచము నిండుటకు ఎక్కువ కాలము పట్టును; అందుచేత వానకు, వానకు నడుమ ఎడము పెరుగును. ఒలికినపుడు మాత్రము ఒక్కసారిగా ఎక్కువ ఒలుకును. కరువు, వరద రెండును ఒకే కారణమునుండి వచ్చుట ఇందువల్లనే.

సముద్రమట్టము కూడ పెరుగుచున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచమున సగటున ఇది సుమారు 20 సెంటీమీటర్లు, అనగా దాదాపు జానెడు పెరిగినది. నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వంటి పల్లపు మండలములలో జానెడు మట్టము చిన్న విషయము కాదు. పోటు వేళ మురుగు కాలువ నీరు సముద్రములోనికి దిగక నిలిచిపోవును. ఉప్పునీరు ఎగదన్ని చేలు చవుడు బారును.

రైతులు చేయవలసిన పనులు

1. అదను: 150 రోజుల రకమును జూన్ 15న విత్తినచో నవంబరు 12 నాటికి కోతకు వచ్చును. జూలై 15న విత్తినచో డిసెంబరు 12 వరకు పొలముననే ఉండును. తుపానులు ఎక్కువగా వచ్చు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో పంట పొలమున ఉండు రోజులు ఎంత తగ్గిన అంత మేలు. నీరు ఆలస్యమైన ఏట దీర్ఘకాలిక రకమునకు పట్టుబట్టక, స్వల్పకాలిక రకమును ఎన్నుకొనవలెను.

2. విత్తనము: ముంపు చేలకు స్వర్ణ సబ్-1 అనుకూలము. పిలకల దశలో సుమారు రెండు వారముల ముంపును ఇది తట్టుకొనును. అయితే పూత దశలో వచ్చు ముంపునకు ఈ గుణము అక్కరకు రాదు. చవుడు చేలకు మచిలీపట్నం పరిశోధనా స్థానము రూపొందించిన ఎం.సి.ఎం. 100 వంటి రకములు కలవు. జీలుగను పెంచి కలియదున్ని, మంచినీరు పెట్టి మురుగు తీసినచో చవుడు తగ్గును.

3. ముంపు తరువాత: ముందు నీరు తీయవలెను, ఎరువు తరువాత. నీరు నిలిచి ఉండగా యూరియా చల్లుట డబ్బును కాలువలో పోయుటయే. నీరు తీసిన పిమ్మట ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాషు అదనముగా వేసినచో పైరు తేరుకొనును.

4. కోత వేళ వాన: పడిపోయిన చేనుపై గాని, తడిసిన పనలపై గాని లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణమును చల్లినచో గింజ మొలకెత్తుట తగ్గును. పనలను త్రిప్పి వేయుట మరువరాదు.

గ్రామాధికారులు చేయవలసిన పనులు

వేసవిలోనే మురుగు కాలువలలోని గుర్రపుడెక్క, తూటికాడ తీయించి, తూములు పరీక్షింపవలెను. ఒక గ్రామము తన కాలువ బాగుచేసి, దిగువ గ్రామము చేయకున్న ప్రయోజనము లేదు. ఇరుగ్రామముల వారు కలిసి చేయవలెను. కాలువ గట్టును, బుడమేరు వంటి ఏటి దారిని ఆక్రమించుటను ఉపేక్షింపరాదు.

పంట నష్టము 33 శాతము దాటిన చేలకే ప్రభుత్వ సహాయము లభించును. కనుక ఈ-పంట నమోదులో సాగు చేయుచున్న వాని పేరే ఉండవలెను. పొలము ఒకరిది, పంట ఒకరిది అయిన ఈ సీమలో కౌలుదారు పేరు తప్పినచో, నష్టపోయినవాడు ఒకడు, పరిహారము పొందువాడు వేరొకడు అగును.

ముందుచూపు ఫలితము

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ప్రాంతమున పదివేల మందికి పైగా మరణించిరి. 1990 మే 9న భీకరమైన తుపాను మరల కృష్ణా తీరమునే తాకినది. మరణములు వేయికి లోపుగానే ఉన్నవి. ముందుగా హెచ్చరిక అందుట, లక్షకు పైగా జనమును ఖాళీ చేయించుట, ఆశ్రయ భవనములు ఉండుట ఇందుకు ముఖ్య కారణములు. ప్రాణములను కాపాడుట నేర్చినాము. పంటను కాపాడుట కూడ నేర్వవలసి ఉన్నది. కాలువలకు నీరు వదలక మునుపే మీ గ్రామసభలో మూడు విషయములు తేల్చుకొనుడు: ఏ తేదీన నారు పోయవలెను, ఏ రకము వేయవలెను, ఏ మురుగు కాలువ ఎవరు బాగుచేయవలెను.