64 జీబీ పెన్‌డ్రైవ్‌లో నిజంగా ఎంత పడుతుంది?

64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే విండోస్ 59.6 అని చూపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 107.37 కోట్లు.

అసలు మోసం ఈ అంకెలో కనబడదు. పెన్‌డ్రైవ్ సైజును కంప్యూటర్ కొలవదు, లోపలున్న కంట్రోలర్ చిప్ చెప్పిందే నమ్ముతుంది. నకిలీ సరుకులో ఆ చిప్ ఫర్మ్‌వేర్‌ను మార్చేసి, 8 జీబీ మెమరీని 64 అని చెప్పిస్తారు. ఫార్మాట్ చేసినా అదే అంకె. మొదటి 8 జీబీ బాగానే పడుతుంది. తర్వాత వేసినవి ఎక్కడికీ చేరవు, లేదా పాతవాటి మీదే పడి వాటినీ పాడుచేస్తాయి. ఫోల్డర్‌లో మాత్రం పేర్లు, సైజులు అన్నీ సరిగ్గానే ఉంటాయి. అందుకే పెళ్లి వీడియో పోయిన సంగతి ఒరిజినల్ చెరిపేశాక గానీ తెలియదు. ఇంతకన్నా క్రూరమైన మోసం ఈ చిన్న వస్తువులో మరొకటి లేదంటాను.

పట్టుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3. ఖాళీ జాగానంతా 1 జీబీ ఫైళ్లతో నింపి, మళ్లీ చదివి సరిపోల్చుతాయి. సెకనుకు 10 ఎంబీ రాసే డ్రైవ్‌లో 64 జీబీ నిండడానికి సుమారు 1 గంట 47 నిమిషాలు. 25 ఎంబీ చొప్పున చదవడానికి మరో 43 నిమిషాలు. 2 టీబీ అని అమ్మేదైతే రాయడానికే 55 గంటలు దాటుతుంది. అలాంటి వాటికి స్టీవ్ గిబ్సన్ రాసిన వాలిడ్రైవ్ మేలు. డ్రైవ్ మొత్తం మీద 576 చోట్ల మాత్రమే పరీక్షిస్తుంది.

ఇక రిపేరు. ఎఫ్3లోని ఎఫ్3ఫిక్స్ నిజంగా ఉన్న మెమరీ వరకే పార్టిషన్ కట్టి, మిగతాది వదిలేస్తుంది. అలా 64 కాస్తా 8గా వాడుకోవచ్చు. సినిమాలు వేసుకోవడానికి సరే, సర్టిఫికెట్లు దాచడానికి వద్దు. చిప్‌జీనియస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కంట్రోలర్ ఏదో తెలుసుకుని, దానికి సరిపడే ఎంపీటూల్‌తో ఫర్మ్‌వేర్ తిరిగి ఎక్కించే దారీ ఉంది. డేటా మొత్తం పోతుంది. వెర్షన్ తప్పితే డ్రైవ్ కూడా పోవచ్చు. కాబట్టి చదవగలిగినంత డేటా ముందే వేరేచోట కాపీ చేసుకోవాలి. మెమరీ సెల్స్ అరిగిపోయి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

కొత్తది కొన్నప్పుడు, వాపసు గడువు ముగియకముందే, ఖాళీగా ఉండగానే పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష చేయండి. తేడా వస్తే ఆ రిపోర్టు స్క్రీన్‌షాట్‌ను బిల్లుతో కలిపి అమ్మినవాళ్లకు చూపించండి.