రెండు వేగాల కొలత

పక్షవాతం వచ్చినవారిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో, సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పిల్లలలో చేతులు, కాళ్లు బిగుసుకుపోయే స్థితిని వైద్యులు స్పాస్టిసిటీ అంటారు. 1980లో ఆస్ట్రేలియా నాడీవైద్యుడు జేమ్స్ లాన్స్ దీనికి ఇచ్చిన నిర్వచనంలో కీలకమంతా వేగం అనే ఒక్క మాటలో ఉంది: కండరాన్ని ఎంత వేగంగా సాగదీస్తే అది అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. కారులో సీటు బెల్టును మెల్లగా లాగితే కావలసినంత వస్తుంది, ఒక్కసారిగా గుంజితే టక్కున పట్టేస్తుంది. స్పాస్టిక్ కండరం తీరు కూడా అదే. అయితే ఏళ్ల తరబడి కదలిక లేక కండరం పొట్టిబారిపోయినప్పుడు ఎంత మెల్లగా లాగినా అది సాగదు. దీనిని కాంట్రాక్చర్ అంటారు. పైకి రెండూ ఒకేలా కనిపించినా మొదటిది నాడుల దోషం, రెండవది కణజాలపు దోషం కనుక రెండింటికీ చికిత్సలు వేరు.

సీటు బెల్టులో కొక్కెం ఉన్నట్టే కండరంలో నూలు కదురు ఆకారపు సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. కండరం ఎంత సాగిందో, ఎంత వేగంగా సాగుతోందో అవి వెన్నుపాముకు తెలియజేయగానే, మెదడు ప్రమేయం లేకుండానే, ముడుచుకొమ్మని కండరానికి ఆజ్ఞ వెళుతుంది. మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగరడం ఈ అసంకల్పిత ప్రతీకార చర్య వల్లనే. మామూలుగా మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు దీనిని అదుపులో ఉంచుతాయి. ఆ దారి దెబ్బతింటే పగ్గాలు వదిలినట్టవుతుంది.

దీనిని కొలవడానికి చాలాకాలం వైద్యుని చేయే సాధనంగా ఉంది. కారిసోప్రొడాల్ అనే మందును మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగులపై పరీక్షిస్తూ 1964లో బి. ఆష్‌వర్త్ ఒక స్కేలు ప్రతిపాదించగా, 1987లో బొహానన్, స్మిత్ దానిని సవరించి 1కి, 2కి మధ్య 1+ అనే మెట్టును చేర్చారు. 0 నుంచి 4 దాకా మార్కులు వేసే ఈ పద్ధతి క్షణంలో పూర్తవుతుంది, ఖర్చు ఉండదు, అందుకే ప్రపంచమంతా వ్యాపించింది. కానీ చేయి ఒకే వేగంతో కదులుతోందా లేదా అన్నది ఇది పట్టించుకోదు. వేగమే ప్రాణమైన లక్షణాన్ని వేగం చూడకుండా కొలవడం దీని మౌలిక లోపం.

దీనికి దీటుగా నిలిచినది ఫ్రాన్సుకు చెందిన వైద్యుడు టార్డ్యూ పేరు మీద వచ్చిన పద్ధతి, దాని తర్కం అందమైనది. కీలును ముందు వీలైనంత మెల్లగా చివరిదాకా కదిపి కోణం నమోదు చేస్తారు. తరువాత వీలైనంత వేగంగా కదిపి, కండరం పట్టేసిన చోటి కోణం నమోదు చేస్తారు. ఈ రెండింటి తేడాయే అసలు సమాచారం. ఉదాహరణకు ముడుచుకున్న మోచేయి మెల్లగా లాగినప్పుడు పూర్తిగా చాచడానికి 10 డిగ్రీల దూరం దాకా వచ్చి, వేగంగా లాగినప్పుడు 70 డిగ్రీల దూరంలోనే ఆగిపోతే, మధ్యనున్న 60 డిగ్రీలూ నాడుల పని, అంటే బొటులినమ్ టాక్సిన్ ఇంజక్షనుకో బాక్లోఫెన్ మందుకో లొంగే భాగం. మెల్లగా లాగినా 65 దగ్గరే ఆగితే ఇంజక్షను వల్ల పెద్దగా ఫలితం ఉండదు, కట్లతో సాగదీయడం వంటి మార్గాలే మిగులుతాయి. ఇంజక్షను తరువాత ఆ 70 కాస్తా 40 అయితే, ఆష్‌వర్త్ మార్కు మారకపోయినా, మందు పనిచేసినట్టే. ఈ ఒక్క కారణం చేతనే టార్డ్యూ పద్ధతిని మేలైనదిగా ఎంచవలసి ఉంటుంది.

చిక్కల్లా అమలులోనే ఉంది. క్షణంలో జరిగిపోయే ఆ పట్టును కంటితో చూసి, కోణమానినితో కొలవడం దాదాపు అసాధ్యం. చీలమండ దగ్గర సాగదీసిన సుమారు 40 మిల్లీసెకన్లకే కండరం స్పందించడం మొదలవుతుంది. కదిలే అవయవానికి కట్టి కదలికను నమోదు చేసే, చేతి గడియారమంత పరికరం అవసరమైంది ఇక్కడే. ఇందులోని గైరోస్కోపు చిప్పులో, వెంట్రుక కన్నా సన్నని సిలికాన్ కమ్మీలకు వేలాడే ఒక చిన్న తునక నిరంతరం కంపిస్తూ ఉంటుంది. చిప్పు తిరిగినప్పుడు ఆ తునక తన దారి నుంచి పక్కకు జరుగుతుంది, ఆ జరుగుబాటు విద్యుత్ ధారణను మారుస్తుంది, ఆ మార్పు నుంచి తిరిగే వేగం తెలుస్తుంది. వేగాన్ని క్షణక్షణం కూడుతూ పోతే కోణం వస్తుంది. కూడిక కనుక చిన్న తప్పులు కూడా పోగవుతాయి. వాటిని దిద్దడానికి భూమ్యాకర్షణ దిశను గుర్తించే త్వరణమాపకం తోడుంటుంది. చర్మంపై అంటించిన ఎలక్ట్రోడ్లు కండరం మేల్కొన్న క్షణాన్ని నమోదు చేస్తే, పట్టు నాడులదా, బిగిసిన కణజాలానిదా అన్నది బయటపడుతుంది.

లాగే చేతినే తొలగించే ఉపాయం మరొకటి ఉంది. 1951లో రాబర్ట్ వార్టెన్‌బర్గ్ వర్ణించిన లోలక పరీక్షలో రోగిని మంచం అంచున కూర్చోబెట్టి, మడమ పట్టి మోకాలు చాచి వదిలేస్తారు; ఆరోగ్యమైన కాలు గడియారపు లోలకంలా కొన్నిసార్లు ఊగి ఆగుతుంది, స్పాస్టిక్ కాలు మొదటి ఊపులోనే మధ్యలో పట్టేస్తుంది. 1980లలో లియుబ్లియానాకు చెందిన బజ్ద్, వొదోవ్నిక్ మొదటి ఊపు కోణాన్ని చివరికి నిలిచిన కోణంతో భాగించి ఒక సూచిక తయారుచేశారు. ఆరోగ్యవంతులలో అది సుమారు 1.6. భూమ్యాకర్షణ ఎవరి కాలినైనా ఒకే నియమంతో లాగుతుంది కనుక ఇంతకన్నా నిష్పక్షపాతమైన చేయి లేదు. తరువాత ఎస్టోనియా నుంచి మయోటాన్ వచ్చింది. చర్మంపై 15 మిల్లీసెకన్ల పాటు చిన్న తాకిడి ఇచ్చి కండరం కంపించే తీరును చదివే ఈ చేతి పరికరం అంతరిక్ష కేంద్రం దాకా వెళ్లింది, కానీ అది చెప్పేది విశ్రాంతిలో ఉన్న కండరపు బిగువును, వేగానికి దాని ఎదురుతిరుగుబాటును కాదు.

రోగులు ఉండి చికిత్స పొందే చోట ఇటువంటి కొలతలు ఎలా ఉపయోగపడతాయో చూడవచ్చు. బెంగళూరుకు దక్షిణాన ఆనేకల్ తాలూకాలోని జిగణి పారిశ్రామికవాడకు పేరు పొందినా, అక్కడి ప్రశాంతి కుటీరంలో ఎస్-వ్యాస యోగ విశ్వవిద్యాలయం, ఆరోగ్యధామం అనే దాని చికిత్సాలయం ఉన్నాయి. ఇటువంటి చోట రోగి రోజుల తరబడి ఉంటాడు కనుక పరికరం చిన్నదై ఉండడంలోని విలువ స్పష్టంగా తెలుస్తుంది: చలి, జ్వరం, మలబద్ధకం, నిండిన మూత్రాశయం, పడుకున్న భంగిమ, వీటిలో ఏది మారినా స్పాస్టిసిటీ మారుతుంది కనుక, ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం తీసిన ఒక్క కొలతతో చికిత్సను అంచనా వేయడం సరికాదు. పొద్దున లేవగానే, అదే మంచం అంచున, అదే మడమను అదే ఎత్తుకు లేపి వదిలి, పిక్క మీద వెల్క్రో పట్టీతో కట్టిన చిప్పు చెప్పిన ఊపుల కోణాలను ఏ రోజుకా రోజు పక్కపక్కన వేసి చూసినప్పుడు మాత్రమే, కాలు నిజంగా సడలిందా, లేక ఆ ఒక్క పూట వెచ్చగా ఉండి అలా కనిపించిందా అన్నది తేలుతుంది.