మన ఇష్టంలో మన వాటా ఎంత?

ఇటలీ శాస్త్రీయ సంగీతంలో మీకు నచ్చిన స్వరకర్త ఎవరని అడిగితే, ఆ సంగీతంతో అంతో ఇంతో పరిచయం ఉన్నవారిలో చాలామంది ముందుగా చెప్పే పేరు ఆంటోనియో వివాల్డి. ఆ తర్వాత వెర్డి, పుచ్చీని. వివాల్డి ‘నాలుగు ఋతువులు’ పేరే వినని వాళ్లు కూడా అందులోని ‘వసంతం’ మొదటి వరసను ఏ ప్రకటనలోనో, ఫోన్‌లో మనల్ని ఆగమన్నప్పుడు మోగే సంగీతంలోనో వినే ఉంటారు. లోకో భిన్నరుచిః, ఇష్టాయిష్టాల దగ్గర వాదనలెందుకు అని తేల్చేయడం మనకు అలవాటు. కానీ రుచి ఏర్పడేది విస్తట్లో వడ్డించిన పదార్థాల మీదే కదా! వడ్డనకే రాని వంటకం మనకు నచ్చలేదని అనడానికి వీల్లేదు. ఇటలీ స్వరకర్తల విషయంలో ఎవరి రచనలు మనదాకా వచ్చాయి, ఎవరివి రాలేదు, ఎందుకు రాలేదు అని తెలుసుకోకుండా చేసే ఎంపిక సగం ఎంపికేనని నా వాదన.

వివాల్డి సంగతే చూడండి. 1678లో వెనిస్‌లో పుట్టాడు. చర్చి పూజారి. పియెతా అనే ఆశ్రమంలో అనాథ బాలికలకు వయొలిన్ నేర్పేవాడు, వాళ్లు వాయించడానికే లెక్కలేనన్ని కాన్‌చెర్టోలు రాశాడు. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘నాలుగు ఋతువులు’ అచ్చయ్యే నాటికే యూరప్‌లో పేరున్నవాడు. జర్మన్ స్వరకర్త బాఖ్ అంతటివాడు వివాల్డి కాన్‌చెర్టోలను ముందు పెట్టుకుని తన వాద్యాలకు మలుచుకున్నాడు. నాలుగు వయొలిన్లకు రాసిన ఒకదాన్ని నాలుగు హార్ప్‌సికార్డులకు మార్చాడు. అలాంటి మనిషి 1741లో వియన్నాలో పేదరికంలో పోయాడు. ఆ తర్వాత బాఖ్ గురించి రాసేవాళ్లు సందర్భవశాత్తూ ప్రస్తావించే పేరుగా మిగిలాడు. 1926లో పీడ్‌మాంట్ ప్రాంతంలోని ఒక సలేసియన్ విద్యాలయం తన భవనం మరమ్మతులకు డబ్బు కావలసి, దగ్గరున్న పాత సంగీత సంపుటాలను అమ్మదలచి, వెల కట్టమని టురిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగింది. పెట్టెలు విప్పిన ఆల్బెర్టో జెంటీలి అనే ఆచార్యుడికి వాటిలో 14 సంపుటాల వివాల్డి రాతప్రతులు కనిపించాయి. కొనడానికి గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు. పసి కొడుకును పోగొట్టుకున్న రొబెర్తో ఫోవా అనే ధనికుడు ఆ బిడ్డ పేరిట వాటిని కొనిచ్చాడు. సంపుటాల వరస చూస్తే మిగతా సగం ఇంకెక్కడో ఉండాలని తేలింది. వెతగ్గా వెతగ్గా అది జెనోవాలో దురాత్సో వంశం వారి ఇంట దొరికింది. 1930లో దాన్ని కొనిచ్చిన ఫిలిప్పో జోర్దానో కూడా కొడుకును పోగొట్టుకున్న తండ్రే. అన్నీ కలిపి 27 సంపుటాలు, దాదాపు 450 రచనలు. ఈ రోజు ప్రపంచమంతా పాడే ‘గ్లోరియా’ ఈ రాతప్రతుల్లోదే. ఆధునిక కాలంలో అది తొలిసారి వినిపించింది 1939లో, సియెనా నగరంలో జరిగిన వివాల్డి వారోత్సవంలో. తిరుమల సంకీర్తన భాండారంలో శతాబ్దాల పాటు పడి ఉండి 20వ శతాబ్దంలో వెలుగు చూసిన అన్నమయ్య రాగిరేకుల కథ తెలిసినవారికి ఇందులో నమ్మలేనిదేమీ ఉండదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. కాలమే పెద్ద జల్లెడ, తాలు పోయి గింజ నిలుస్తుంది, వివాల్డి కూడా చివరికి నిలిచాడు కదా అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ లెక్క కుదరదు. ఎవరూ వాయించని, ఎవరూ వినని సంగీతాన్ని కాలం పరీక్షించేదేమిటి? ఆ రెండు వందల ఏళ్లూ శ్రోతలు వివాల్డిని విని కాదనలేదు, వాళ్లకు ఆ అవకాశమే లేదు. పైగా దొరికిన వాళ్ల సంగతి మాత్రమే మనకు తెలుసు. క్లౌదియో మాంటెవెర్డి 1608లో మాంటువా రాజాస్థానం కోసం ‘అరియానా’ అనే ఒపేరా రాశాడు. అందులో నాయిక విలాపానికి నాటి ప్రేక్షకులు కంటతడి పెట్టారని చెబుతారు. ఆ విలాపం ఒక్కటే మిగిలింది, తక్కిన సంగీతమంతా పోయింది. అంతకు ఏడాది ముందరి ‘ఓర్ఫెయో’ నిక్షేపంలా ఉంది. తేడా ఏమిటంటే ‘ఓర్ఫెయో’ 1609లో, 1615లో అచ్చయింది. ‘అరియానా’ పూర్తిగా అచ్చుకు నోచుకోలేదు. రెంటిలో ఏది గొప్పదో కాలం తేల్చలేదు, అచ్చు యంత్రం తేల్చింది. మాంటెవెర్డి ఒపేరాల్లో పూర్తిగా మిగిలినవి మూడంటే మూడే. పదిహేడో శతాబ్దపు వెనిస్‌లో స్త్రీ అయి ఉండి కూడా స్వరకర్త బార్బరా స్ట్రోజ్జి పేరు మనకు తెలిసిందంటే కారణం అదే: తన రచనలను సంపుటాల వారీగా ఎనిమిదిసార్లు అచ్చు వేయించుకుంది.

పంతొమ్మిదో శతాబ్దానికి వస్తే రచనలను జనానికి చేర్చే పనిని యాదృచ్ఛికతకు వదలకుండా వ్యాపారంగా చేసినవాళ్లున్నారు. 1808లో మిలాన్‌లో మొదలైన రికోర్డి ప్రచురణ సంస్థ ఒపేరా స్వరలిపి ప్రతులను నాటకశాలలకు అద్దెకిచ్చేది. ఆ సంస్థ ప్రచురించిన ఒపేరా ఏది ఎక్కడ ఆడాలన్నా ఆ గడప తొక్కవలసిందే. వెర్డి, పుచ్చీని ఇద్దరినీ ప్రపంచమంతా తిప్పింది ఈ సంస్థే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వివాల్డి వాద్యరచనలను వరసగా అచ్చువేసిందీ అదే. అప్పుడే లాంగ్ ప్లే రికార్డులు వచ్చాయి. పది పన్నెండు నిమిషాల కాన్‌చెర్టోలు వాటికి కొలిచినట్టు సరిపోయాయి. 1955లో ఇ మూసిచి బృందం రికార్డు చేసిన ‘నాలుగు ఋతువులు’ ఇంటింటికీ చేరింది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 1990 ఇటలీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఉంది. బీబీసీ తన ప్రసారాలకు పవరోట్టి గొంతులోని ‘నెస్సూన్ దోర్మా’ను ఎంచుకుంది. దాంతో ఒపేరా ముఖం చూడని కోట్లమందికి పుచ్చీని ‘తురందోత్’లో ఆ ఒక్క పాట కంఠతా వచ్చేసింది. ఒపేరా మిగతా భాగం మాత్రం వాళ్లకు ఇప్పటికీ కొత్తే.

అన్నిటికంటే వింతైనది అల్బినోని ‘అదాజియో’ ఉదంతం. సినిమాల్లో దుఃఖ సన్నివేశాలకు అరిగిపోయేంతగా వాడిన ఈ రచనను అచ్చువేసింది కూడా రికోర్డి సంస్థే, 1958లో. రెమో జాజోత్తో అనే సంగీత చరిత్రకారుడు, యుద్ధంలో ధ్వంసమైన డ్రెస్డెన్ గ్రంథాలయం నుంచి తనకొక చిన్న తునక దొరికిందనీ, దాని ఆధారంగా దీన్ని కూర్చాననీ చెప్పాడు. ఆ తునక అల్బినోనిదేనని నమ్మదగ్గ రుజువు మాత్రం రాలేదు. దాదాపు మొత్తం జాజోత్తో రచనేనని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. అంటే వెనిస్‌లో 1751లో పోయిన స్వరకర్తను, ఆయన రాయని సంగీతం కోసం లక్షలమంది అభిమానిస్తున్నారు. ఎవరు రాస్తే మనకెందుకు, చెవికి ఇంపుగా ఉందా లేదా అంటారా? పాటను ఎంచుకునేటప్పుడు ఆ మాట అక్షరాలా నిజం. మాంటెవెర్డి చివరి ఒపేరా ‘పొప్పేయా పట్టాభిషేకం’ ముగింపులోని యుగళగీతం కూడా బహుశా ఆయనది కాదు, అంతమాత్రాన దాని అందం తగ్గదు. కానీ మన ప్రశ్న నచ్చిన పాట గురించి కాదు, నచ్చిన స్వరకర్త గురించి. ఒక మనిషి చేతిని, ఆలోచనను ఇష్టపడుతున్నామంటే అది ఆ మనిషిదే అయి ఉండాలి, ఒక్కచోట కాక పదిచోట్ల కనిపించాలి.

అలాగైతే ఏ ఎంపికా మనది కాదా, అంతా గ్రంథాలయాల, వ్యాపారుల దయేనా అన్నది మిగిలిన ప్రశ్న. కాదు. ఒక రచన మన గుమ్మం దాకా రావడం వరకే యాదృచ్ఛికం. లోపలికి పిలిచి కూర్చోబెట్టడం మన పనే. దానికి నేను పాటించే కొలత ఒకటుంది. ప్రఖ్యాతమైన రచనను పక్కన పెట్టి, ఆ స్వరకర్తదే ఎవరూ పెద్దగా చెప్పనిది మూడోదో నాలుగోదో వినాలి. అక్కడా చెవి నిలబడితే ఆయన మనవాడు. ఈ కొలతకు అల్బినోని మరీ తీసిపోడు. 1722లో అచ్చయిన కాన్‌చెర్టోల సంపుటిలో రెండోదైన ఓబో కాన్‌చెర్టో నడిమి భాగంలో అచ్చమైన ఆయన అదాజియో ఉంది, అరువు సొమ్ము కన్నా బాగుంటుంది. కొరెల్లి 72 రచనలే అచ్చుకిచ్చి, ప్రతిదాన్నీ చెక్కి చెక్కి పెట్టాడు కాబట్టి సునాయాసంగా గట్టెక్కుతాడు. వివాల్డి ఒకే కాన్‌చెర్టోను వందలసార్లు రాశాడన్న ఎత్తిపొడుపులో కొంత నిజం లేకపోలేదు. వరసగా పది వింటే ఎనిమిదోది ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది. ఆయన్ను కాపాడేది గాత్ర రచనలు. రొస్సీని, బెల్లీని, దొనిజెత్తి నాకు పాటపాటగా నచ్చుతారు, మొత్తంగా కాదు. వెర్డి వేరు: 79 ఏళ్ల వయసులో, 1893లో, అంతవరకు తనకు పేరు తెచ్చిన పద్ధతినంతా పక్కన పెట్టి ‘ఫాల్‌స్టాఫ్’ లాంటి హాస్య ఒపేరా ఇచ్చినవాడికి ప్రచురణకర్త అండ గురించిన అనుమానాలు వర్తించవు.

అయినా నా జాబితాలో మొదటి రెండు స్థానాలు వెర్డివి కావు. రెండోది మాంటెవెర్డిది. 1638లో అచ్చయిన ‘అప్సరస విలాపం’ వినండి. కింది స్థాయిలో నాలుగే నాలుగు స్వరాలు అవరోహణలో దిగుతూ, ఆగకుండా అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. పైన స్త్రీ గొంతు ఆ నాలుగింటికీ ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతూ ఎప్పటికీ కుదురుకోదు. పక్కన ముగ్గురు పురుషులు ‘పాపం’ అంటూ జాలిపడుతుంటారు. ఆ ముగ్గురూ చేతితో వేసే తాళానికి పాడాలనీ, ఆమె మాత్రం మనసు నడిపించిన కాలానికి పాడాలనీ స్వరకర్త స్వయంగా సూచన రాశాడు. మొదటిది దొమెనికో స్కార్లాటిది. 1685లో నేపుల్స్‌లో పుట్టి, పోర్చుగల్ రాకుమారి మారియా బార్బరాకు గురువై, ఆమె స్పెయిన్‌కు కోడలిగా వెళ్తే వెంట వెళ్లి, 1757లో మాడ్రిడ్‌లో పోయాడు. 555 హార్ప్‌సికార్డు సొనాటాల్లో ఆయన బతికుండగా ప్రముఖంగా అచ్చయిన పుస్తకంలో ఉన్నవి 30. మిగతావాటిలో అత్యధిక భాగం, తర్వాత రాణి అయిన ఆమె కోసం ఎత్తిరాసిన ప్రతుల్లోనే ఉండి, గాయకుడు ఫరినెల్లి వెంట ఇటలీ చేరి బతికిపోయాయి. స్వహస్తంతో రాసిన సొనాటా ప్రతి ఒక్కటీ దొరకలేదు. ఈ సొనాటాలకు కర్క్‌పాట్రిక్ వేసిన పట్టికలో 141వది తీసుకోండి: కుడిచేతి వేళ్లు ఒకే మీటను ఒకదాని వెంట ఒకటిగా టకటకా కొడుతుంటే, ఎడమచేయి స్పానిష్ గిటారు తీగలను ఒక్కసారిగా మీటినట్టు కర్కశమైన స్వరగుచ్ఛాలు విసురుతుంది. తర్వాత పట్టికలో కళ్లు మూసుకుని ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి, ఆ సొనాటా వినండి. నాలుగైదు నిమిషాలకు మించనివే ఎక్కువ. అక్కడా మీకు నచ్చకపోతే వివాల్డి దగ్గరే నిరభ్యంతరంగా ఉండిపోవచ్చు, అప్పుడది మీరు చేసిన ఎంపికే.