సంగటి తిన్నా ఎండ తగలాల్సిందే

ఆమడగూరు: రాగుల్లో కాల్షియం పుష్కలం. వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అయితే దానిని పేగులు చక్కగా గ్రహించాలంటే విటమిన్‌-డి తప్పనిసరి. ఈ విటమిన్‌కు ప్రధాన మూలం ఎండే. అందులోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు చర్మంలోని ఒక కొవ్వు పదార్థం విటమిన్‌గా మారుతుంది. కాలేయం, మూత్రపిండాలు దానికి తుదిరూపమిస్తాయి.

లేత ఎండే మేలని పలువురి నమ్మకం. తిరుపతిలో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 గంటల వరకు గంటగంటకూ జరిపిన పరిశీలనలో మాత్రం భిన్నమైన ఫలితం వచ్చింది. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్యే ఈ మార్పు అధికమని 2013లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. ఆమడగూరు కూడా దాదాపు అదే అక్షాంశంపై ఉన్నందున ఇక్కడి ఎండకూ ఇదే వర్తిస్తుంది.

వేరుశనగ చేలల్లో పనిచేసేవారికి ఈ ఎండ దక్కుతుంది. ఇంటిపట్టున ఉండే వృద్ధులకు, నీడపట్టున కుట్టుపని చేసుకునే మహిళలకు అంతగా దక్కదు. కిటికీ అద్దం గుండా వచ్చే వెలుగు చాలదు. అవసరమైన కిరణాలను అద్దం అడ్డుకుంటుంది. రోజూ కాసేపు ముఖం, చేతులపై నేరుగా ఎండ పడేలా చూసుకోవాలి. వేసవిలో వడదెబ్బ తగలకుండా జాగ్రత్త అవసరం. ఎముకల నొప్పులు వీడకుంటే వైద్యులను సంప్రదించడం ఉత్తమం.