వెలిగొండ పని ఎంత శాతం అయింది?

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు రెండు సొరంగాలు. రెండూ శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు దగ్గర మొదలై, నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్లు సాగి దోర్నాల వైపు తేలతాయి. మొదటిదాని వ్యాసం 7 మీటర్లు, రెండోదానిది 9.2. మొదటిది పూర్తయిందనీ, రెండోదాంట్లో ఒక్క మీటరు కూడా తవ్వలేదనీ అనుకుందాం. సొరంగాల పని ఎంత శాతం అయినట్టు?

పొడవును బట్టి చూస్తే 50. కానీ మొదటి సొరంగం అడ్డుకోత వైశాల్యం 38.5 చదరపు మీటర్లు, రెండోదానిది 66.5. తీసి పోసిన రాయిని బట్టి లెక్క కడితే 37 శాతమే. నీటిని బట్టి చూస్తే ఇంకా తక్కువ. మొదటి సొరంగం సామర్థ్యం 3,000 క్యూసెక్కులు, రెండూ కలిసి 11,583. అంటే 26 శాతం. గిద్దలూరు, మార్కాపురం రైతు పొలం గట్టున నిలబడి లెక్క వేస్తే మాత్రం సున్నా. ఫీడర్ కాలువ, నల్లమల సాగర్ జలాశయం, పంట కాలువలు సిద్ధం కానిదే సొరంగం దాటిన నీటికి దారి లేదు.

నాలుగు లెక్కల్లోనూ తప్పు లేదు. ఏది చెప్పాలన్నది చెప్పేవాడి అవసరం. ప్రకటనల్లో సాధారణంగా పొడవు లెక్కే ఎందుకు వినిపిస్తుందో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ఐదో లెక్క ఒకటుంది, ఖర్చయిన డబ్బుది. అది అన్నింటికన్నా మోసకారి. ధరలు పెరిగి అంచనా సవరిస్తే, అంతే పనికి ఎక్కువ ఖర్చవుతుంది. ఇక నిజంగా జరిగింది చూస్తే, 1996లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టులో మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. అదే ఏడాది మార్చి 6న జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం ఇంకా పూర్తి కాలేదు.

సొరంగంలో వేగం పెంచడం అంత తేలిక కాదు. కాలువైతే పది చోట్ల పది పొక్లెయిన్లు దించవచ్చు. సొరంగం తవ్వే యంత్రం (టీబీఎం) ముందు తవ్వాల్సిన ముఖం ఒక్కటే. పైనుంచి బావులు దించి నడుమ తవ్వుదామంటే అది పులుల అభయారణ్యం. పైగా ఆ రాయి. ఇక్కడి భూగర్భ శ్రేణులకు శాస్త్రవేత్తలు కంభం, బైరెనుకొండ పేర్లే పెట్టారు. ఒకచోట గట్టి క్వార్ట్‌జైట్, పక్కనే పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి. మార్కాపురం పలకకు పేరు తెచ్చిన ఆ గుణమే సొరంగం కప్పుకు గండం.

అందుకే లోపల కొలత ఆగదు. యంత్రం దారి తప్పకుండా లేజరు, టోటల్ స్టేషన్ చూస్తుంటాయి. బెల్టు మీద బయటికొచ్చే రాతి మట్టిని తూకం వేయడం నాకు అన్నింటిలోకి తెలివైన పద్ధతి అనిపిస్తుంది. ఒక మీటరు ముందుకు పోతే ఇన్ని టన్నులు రావాలని లెక్క ఉంటుంది. అంతకు మించి వస్తోందంటే పైన ఎక్కడో రాయి జారి లోపలికి పడుతోందన్నమాట. మనుషులున్న చోట ఇది ప్రాణాలతో ముడిపడిన లెక్క. కృష్ణకు అవతల, ఇదే నల్లమలలో, 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు.

టీబీఎం తవ్విన చోట కాంక్రీటు సెగ్మెంట్లను రింగుగా బిగిస్తారు. రింగుకూ రాయికీ మధ్య మిగిలిన సందులో చిన్న కంకర, సిమెంటు పాలు నింపాలి. ఎంత పట్టాలో ముందే తెలుసు. అంతకన్నా తక్కువ పోసి ‘నిండింది’ అని రాస్తే వెనక బోలు ఉన్నట్టే. బయటి నుంచి చూస్తే నున్నటి గోడ. మూసేస్తే కనపడని పనిని మూయకముందే కొలిచి, కొలతల పుస్తకమైన ఎం బుక్‌లో ఎక్కించాలన్న నియమం ఇందుకే.

కాంక్రీటుదీ అదే కథ. పోసే ముందు పల్చగా ఉందా, గట్టిగా ఉందా అని స్లంప్ కోన్ చెబుతుంది. బలం తెలియాలంటే 15 సెంటీమీటర్ల ఘనాలు (క్యూబులు) పోసి, నీళ్లలో నానబెట్టి, 28వ రోజున యంత్రంలో నలగగొట్టాలి. చిక్కేమిటంటే ఆ 28 రోజుల్లో దాని మీద ఇంకెంతో కట్టేసి ఉంటారు. అందుకే 7వ రోజునే కొన్నింటిని పరీక్షించి, దారి ఎలా ఉందో చూసుకుంటారు. ఇంకో చిక్కు మనిషిది. క్యూబుల కోసమని ప్రత్యేకంగా మంచి మాలు కలిపితే ఆ పరీక్ష గోడ గురించి ఏమీ చెప్పదు. ఏ బ్యాచ్ నుంచి తీయాలో కట్టేవాడు కాక క్వాలిటీ కంట్రోల్ వాళ్లు నిర్ణయించాలి. అనుమానం మిగిలితే గట్టిపడ్డాక శబ్ద తరంగాలు పంపి చూస్తారు. మంచి కాంక్రీటులో అవి సెకనుకు నాలుగు కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతాయి. పగుళ్లు, బోలు ఉంటే నెమ్మదిస్తాయి. చివరి మాట గోడలోంచే కోర్ తీసి నలగగొట్టడమే.

ఇది పెద్ద ప్రాజెక్టులకే అనుకోనక్కర్లేదు. మన జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల కాంక్రీటుకు రెండు నమూనాలు, ఒక్కో నమూనాకు మూడు క్యూబులు తీయాలి. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఐదంగుళాల స్లాబు వేస్తే దాదాపు 12 ఘనపు మీటర్లు. అంటే ఆరు క్యూబులు. అచ్చులు ముందే తెప్పించుకోవాలి. స్లాబు రోజు మిక్సరు తిరగడం మొదలయ్యాక వెతుక్కుంటే దొరకవు.