రెండు నిమిషముల విమానయానము

“ఆ ఊరు ఎంత దూరము?” అని అడిగినచో, “బండిమీద పూట ప్రయాణము” అని చెప్పుట మన పెద్దల అలవాటు. దూరమును కాలముతో కొలుచు ఈ పద్ధతిలో గొప్ప వివేకమున్నది. ప్రపంచములోకెల్ల చిన్నదని పేరుపొందిన విమానయాత్రను పరిశీలించినచో ఈ సంగతి స్పష్టమగును.

స్కాట్లండునకు ఉత్తరమున సముద్రములో ఆర్క్నీ దీవులు కలవు. వాటిలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనునవి ఇరుగుపొరుగు దీవులు. రెండింటిలో చిన్నదైన పాపా వెస్ట్రే జనసంఖ్య నూరునకు అటునిటు మాత్రమే. ఈ రెండు దీవుల విమానాశ్రయముల నడుమ దూరము 2.7 కిలోమీటర్లు. 1967లో లోగన్ఎయిర్ సంస్థ ఇచ్చట విమానములు నడుపుట ప్రారంభించెను. ప్రయాణకాలము 2 నిమిషములని పట్టికలో వ్రాయుదురు. గాలి అనుకూలించినచో ఇంకను త్వరగా చేరుట కలదు. ఒకమారు 53 సెకండ్లలోనే చేరినట్లు ప్రసిద్ధి.

ఇచ్చట ఎగురు చిన్న విమానము గంటకు సుమారు 240 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్కన 2.7 కిలోమీటర్లకు 41 సెకండ్లు చాలును. అయినను అంతకు మించి పట్టుటకు కారణమేమి? విమానము నేలవిడిచి పైకి లేచుటకును, వేగము తగ్గించి దిగుటకును కొంత కాలము తప్పదు. అదియునుగాక విమానము సాధారణముగా గాలికి ఎదురుగా లేచి, గాలికి ఎదురుగానే దిగవలెను. ఇందుకై ఒక్కొక్కప్పుడు చుట్టు తిరుగవలసి వచ్చును.

మన దేశములోని ఉదాహరణము చూడుడు. తెలుగువారు అనేకులు నివసించు అండమాన్ దీవుల ముఖ్యపట్టణమగు పోర్టుబ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురముగా మార్చిరి. చెన్నై నుండి అచ్చటికి ఆకాశమార్గమున సుమారు 1,360 కిలోమీటర్లు. విమానములో రెండుగంటలకు కొంచెము పైన పట్టును. ఆర్క్నీ యాత్రకన్న దూరము 500 రెట్లు. కాలము మాత్రము సుమారు 65 రెట్లే. పెద్ద విమానము వేగము హెచ్చు. ఎక్కుదిగుళ్లకు పట్టు కాలము దూరప్రయాణములో స్వల్పభాగమగును. కావున దూరమును బట్టి మాత్రమే కాలమును నిర్ణయింపరాదు.

పడవ ఉండగా ఆర్క్నీలో విమానమేల? ముఖ్యపట్టణమగు కిర్క్‌వాల్‌నకు ఓడలో గంటకు మించి పట్టును. విమానములో పావుగంట ప్రయాణమే. ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు, రోగులు ఈ విమానములలో రాకపోకలు సాగింతురు. ఇంత కొద్దిమందికై విమానము నడుపుట వ్యాపారముగా గిట్టునది కాదు. అందుచేత ప్రజలెన్నుకొన్న ఆర్క్నీ స్థానిక మండలియే ధనసహాయము చేయుచున్నది. బడియు, వైద్యమును అందని దీవిలో కాపురములు నిలువవని వారు గుర్తించిరి.

పంచాయతీ సభ్యులు ఇందుండి గ్రహింపదగినది ఒకటి కలదు. రోడ్డుకొరకుగాని, వంతెనకొరకుగాని అర్జీ వ్రాయునపుడు “ఆసుపత్రి 6 కిలోమీటర్లు” అని మాత్రమే వ్రాసి ఊరకుండరాదు. వాగు పొంగిన దినమున, రాత్రివేళ, ప్రసవవేదన పడుచున్న తల్లిని ఇంటినుండి ఆసుపత్రికి చేర్చుటకు ఎన్ని గంటలు పట్టునో లెక్కించి వ్రాయవలెను. గ్రామమునకు నిజమైన దూరము అదియే.